చేయి పెట్టని రిపేరు

ఖబ్రస్తాన్‌లో ఉస్తాద్‌ను మట్టిచేసిన పొద్దున ఉన్నవాళ్లు: మసీదు పెద్దలు నలుగురు, లారీ డ్రైవర్లు ఐదుగురు, బస్సు డిపో మెకానిక్కులు ఇద్దరు, ఆయన తోడల్లుడు, వీధిలో పాలు పోసే మనిషి, నేను. మొత్తం పద్నాలుగు మందిమి. వస్తువులు: రెండు పారలు, ఒక నీళ్ల కడవ, గోడకు ఆనించిన ఆరు సైకిళ్లు, గేటు బయట ఇంజను ఆపని ఒక లారీ. మా మోటారు రిపేరు షెడ్డు యజమాని రాలేదు. మనిషి చేత పూలచాదర్ పంపాడు.

లారీ ఇంజను ఎందుకు ఆపలేదని ఒక పెద్దాయన కసురుకుంటే డ్రైవరు తల దించుకుని, "సెల్ఫ్ పని జేస్తలేదు సాబ్. బంద్ జేస్తే మల్ల ఎత్తుకోదు. రేపు మాపు ఉస్తాద్‌కు చూపెడ్దామనుకున్న" అన్నాడు. పెద్దాయన పార అందుకున్నాడు.

ఉస్తాద్ అసలు పేరు ఇక్కడ రాయను. రాసినా ఆదిలాబాద్‌లో చాలామందికి తెలియదు. ఉస్తాద్ అంటేనే తెలుస్తుంది. పుట్టింది కరీంనగర్‌లో. నిజాం ప్రభుత్వం ఉన్న రోజుల్లో ఎవరో జాగీర్దారు మోటారు షెడ్డులో పని నేర్చుకున్నాడు. అంతకుమించి ఆయన జీవితచరిత్ర నాకు తెలియదు. తెలుసుకునే వీలు ఉన్న రోజుల్లో నేను అడగలేదు.

నాకు తెలిసింది ఆయన చెయ్యి. ఇంజను వేడెక్కిందా, బేరింగు రాసుకుంటోందా, గొట్టంలో నీళ్లు తిరుగుతున్నాయా అని చూడాలంటే ఆయన అరచెయ్యి పెట్టేవాడు కాదు. చెయ్యి తిప్పి వెనుకవైపు ఆనించేవాడు. జ్వరం వచ్చిన పిల్ల మెడ కింద తల్లి చెయ్యి పెట్టినట్టు ఉండేది. ఎందుకని అడిగితే అరచెయ్యి చాపి చూపించాడు. కాయలు కాసి, పగిలి, ఆ పగుళ్లలో నల్లగా ఆయిలు ఇంకిపోయి ఉంది.

"గిది ఎన్కట్నే చచ్చిపోయింది. గిప్పుడు అబద్ధాలు చెప్తది. ఎన్క దిక్కు ఇంక నిజమే చెప్తది."

రెండోది ఆయన బీడీ. ఎడమ చెవి మీద ఎప్పుడూ ఒక బీడీ ఉండేది. తాగేవాడు కాదు. దమ్ము, అంటే ఉబ్బసం, ఉందని డాక్టరు మాన్పించి చాలా ఏళ్లయింది. కొత్తవాళ్లెవరైనా అగ్గిపెట్టె అందిస్తే, "గిది తాగే బీడీ గాదు, చూసే బీడీ" అనేవాడు. కార్బురేటరు దగ్గర గాలి ఎక్కడ లీకవుతోందో, రేడియేటరు ఫ్యాను ఎంత లాగుతోందో ఆ పొగతోనే కనిపెట్టేవాడు. పెట్రోలు దగ్గర ఇది ప్రమాదమని నేను చేరిన మొదటి వారమే చెప్పాను. "నువ్వు చెప్పింది కరెక్టే" అని ఒప్పుకున్నాడు. ఆ తర్వాత వెలిగించే ముందు ప్రతిసారీ నా వైపు తిరిగి, "ఇంజనీర్ సాబ్, జర దూరం నిలవడు, నీకు చదువున్నది" అనేవాడు. షెడ్డంతా నవ్వేది.

మూడోది బండి తెచ్చినవాళ్లను అడిగే ప్రశ్నలు. బండికి ఏమైందని అడిగేవాడు కాదు. "ఏడ కూసుంటవు? ఏమేం ఏస్కపోతవు? ఎంబడి ఎవలుంటరు?" అని అడిగేవాడు. ఒక లారీ వెనుక టైరు అస్తమానం ఒకే పక్క అరుగుతుంటే, క్లీనరు ఎప్పుడూ ఏ మూల పడుకుంటాడో అడిగి, బస్తాలు ఎలా సర్దుతున్నారో కనుక్కుని, ఒక్క నట్టు విప్పకుండా పంపేశాడు. నేను డిప్లొమా చదివిన మూడేళ్లలో అటువంటి ప్రశ్న ఏ పుస్తకంలోనూ లేదు.

నేను ఆ షెడ్డులో చేరేనాటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఎనిమిది తొమ్మిదేళ్లయింది. మాది మంథని దగ్గర పల్లె. డిప్లొమా తర్వాత హైదరాబాద్‌లో ఐస్ ఫ్యాక్టరీ యంత్రాలు, ఫ్రిజ్జులు బాగుచేసే చోట ఆరు నెలలు పనిచేశాను. ఆ ఆరు నెలలు చూసే మా యజమాని నన్ను తీసుకున్నాడు. అందరూ ఆయనను మాలిక్ అనేవారు. ఆయనకు కావలసింది నేను కాదు, ఊళ్లో ఒకే ఒక్క కారుకు పనికొచ్చే మనిషి.

ఆ కారు జిన్నింగ్ సేఠ్‌ది. పత్తి నుంచి గింజ వేరుచేసే మిల్లులు ఆయనకు రెండు ఉండేవి. అమెరికా కారు. బొంబాయిలో ఎవరో దొర అమ్ముకుని వెళ్తే కొన్నాడు. దానికి లోపల చల్లబరిచే ఏర్పాటు ఉంది. జిల్లాలో మరో కారుకు అది లేదు. పిల్లలు దాన్ని చల్లబండి అనేవారు. సేఠ్ బజారులో ఆగి తలుపు తీస్తే, లోపలి చల్లగాలి మొహానికి తగలాలని నిలబడే పెద్దవాళ్లను కూడా చూశాను.

ఆ ఏడు మే నెలలో ఒక సోమవారం నాడు చల్లబండి షెడ్డుకు వచ్చింది. చల్లగా లేదు. శుక్రవారం నాగపూర్ నుంచి సేఠ్ కొత్త వియ్యంకులు దిగుతారు. వాళ్లకు ఈ కారు గురించి ఉత్తరంలో రాశాడట.

మాలిక్ మా ఇద్దరినీ కారు ముందు నిలబెట్టాడు.

"చూడు ఉస్తాద్, గిది నీ జమానా మిషన్ గాదు. నువ్వు ముట్టకు. బేస్తారం సాయంత్రం దాంక గీ పిలగానికి టైమిస్తున్న. చేసిండా, షెడ్డు ఇగ ఆయన చూస్కుంటడు, నువ్వు ఇంటికాడ ఆరాం జెయ్యి. చెయ్యలేకపోయిండా, ఆయన మంథని బస్సెక్కుతడు, నీ జాగల నువ్వుంటవు. ఒక్క షెడ్డుల రెండు దిమాగులు నడువయి."

"అచ్ఛా మాలిక్" అన్నాడు ఉస్తాద్. వెళ్లి తన లారీ కింద దూరాడు. అంత పెద్ద మాట విన్న మనిషి స్పానరు ఒకటి మరిచిపోయి వెనక్కి వస్తాడేమో అనుకున్నాను. రాలేదు.

గురువారం సాయంత్రం వరకు నాకు నాలుగు పగళ్లు. నోటుపుస్తకంలో గళ్లు గీశాను. వరుస సంఖ్య, చూసింది, వచ్చిన కొలత, అభిప్రాయం. బెల్టు బిగువు: సరిగా ఉంది. బ్యాటరీ: సరిగా ఉంది. ఫ్యాను: తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది, టిక్కు. వచ్చే గాలి: తక్కువ. ముందు జాలీ: శుభ్రం, డ్రైవరు రోజూ కడుగుతాడు. కారు లోపల ఉష్ణోగ్రత: తొంభై ఒకటి ఫారన్‌హీట్. చల్లబరిచే యంత్రం నుంచి తిరిగి వచ్చే పైపులో ఒత్తిడి: ఉండాల్సిన దానిలో సగం కంటే తక్కువ.

ఆ చివరి కొలత చూడగానే నా మనసు కుదుటపడింది. ఒత్తిడి తక్కువ ఉందంటే గ్యాసు తక్కువైంది. గ్యాసు తక్కువైందంటే ఎక్కడో కారుతోంది. పుస్తకంలో అలాగే ఉంది. కుంకుడుకాయల రసం చిలికి నురగ చేసి ప్రతి అతుకుకూ రాశాను. బుడగ రాలేదు. కుంకుడుకాయలు మాత్రం ఉస్తాద్ ఇచ్చినవే. తన లారీ దగ్గర్నుంచి చూస్తూ, "తలంటు పోస్తున్నవా బండికి? సాంబ్రాణి గూడ ఎయ్యి" అన్నాడు.

కారుతున్న చోటు దొరకకపోయినా గ్యాసు ఎక్కించాను. మంగళవారం ఒకసారి, బుధవారం రెండుసార్లు. సిలిండరు హైదరాబాద్ నుంచి బస్సు మీద తెప్పించింది. ఒత్తిడి పెరగకూడని వైపు పెరిగింది. పెరగాల్సినది పెరగలేదు. కారులో తొంభై ఒకటి తొంభై మూడైంది. గురువారం పొద్దున ఇంజను ముందు గంట నిలబడ్డాను. నోటుపుస్తకంలో పదకొండు కొలతలు ఉన్నాయి. ఇంక కొలవడానికి ఏమీ మిగల్లేదు.

మధ్యాహ్నం షెడ్డులో అందరూ తిండికి వెళ్లారు. ఉస్తాద్ లారీ కిందే ఉన్నాడు. కాళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. నేను వెళ్లి ఆ కాళ్ల దగ్గర కూర్చున్నాను. ఈ మనిషి నోరు తెరవకుండా సాయంత్రం దాకా పడుకుంటే చాలు, ఆయన ఉద్యోగం ఆయనకు ఉంటుంది. అది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. తెలిసే అడిగాను.

"ఉస్తాద్, నాతోని అయితలేదు. జర చూస్తరా?"

కాళ్లు కదలలేదు. లారీ కింద నుంచే గొంతు వచ్చింది.

"మాలిక్ ముట్టద్దన్నడు గద."

"ముట్టకుంటనే చూడుండ్రి."

"ఇంట్ల ఎవలెవలున్నరు బేటా?"

"బాపు, అవ్వ, ఇద్దరు చెల్లెండ్లు, తమ్ముడు. బాపుకు కాలు వడ్డది. వ్యవసాయం బంద్ అయింది."

బేటా అని ఆయన నన్ను పిలవడం అదే మొదలు. లారీ కింద నుంచి నెమ్మదిగా జరిగి బయటికి వచ్చాడు. రంపపు పొట్టు, కిరసనాయిలు పట్టించి చేతులు తోముకున్నాడు. చాలాసేపు తోముకున్నాడు. అప్పుడు ఆయన ఏం ఆలోచిస్తున్నాడో నేను చూడలేదు. ఆయన ఒప్పుకున్నాడా లేదా అన్నదే చూశాను.

"నీ కితాబు తే. నాకు అక్షరం రాదు. నువ్వే చదువు."

చదివాను. కళ్లు మూసుకుని విన్నాడు. ఎనిమిదో వరుస దగ్గర చెయ్యి ఎత్తాడు.

"గది మల్ల చదువు."

"తిరిగి వచ్చే పైపు: ఇంజను దాంక మంచు కట్టింది."

"నువ్వే రాసినవా?"

"నేనే రాసిన."

"మరి గ్యాస్ తక్కువైతే ఇంజను దాంక మంచెట్ల గడ్తది?"

పుస్తకంలోకి చూశాను. ఆ వరుసకు ఎదురుగా అభిప్రాయం గడిలో నేనేమీ రాయలేదు. నాలుగు రోజులుగా ఆ గడి ఖాళీగానే ఉంది.

"చలి లేదని తిరుగుతున్నవు నువ్వు. లోపట మస్తు చలి ఉన్నది. బయటికి వస్తలేదు. దాన్కి దమ్మొచ్చింది, ఊపిరి ఆడ్తలేదు. సేఠ్ ఏడ కూసుంటడు?"

"ఎన్క సీట్ల."

"కూసొని ఏం జేస్తడు?"

"నాకేం ఎర్క?"

"అగో. గది రాయలే నువ్వు. నేను డ్రైవర్‌ను అడిగిన, సోమారం నాడే."

సోమవారమే అన్న మాట నాకు అప్పుడు సరిగా వినిపించలేదు. తర్వాత వినిపించింది. ఇప్పటికీ వినిపిస్తోంది.

సేఠ్ ఏం చేస్తాడో ఆయన చెప్పాడు. దూది వర్తకులు నమూనాను చిటికెడు తీసుకుని రెండు బొటనవేళ్ల మధ్య పట్టి లాగుతారు. పోగు ఎంత పొడవు సాగితే అంత మేలు రకం. లాగిన ప్రతిసారీ సన్నటి నూగు గాల్లోకి లేస్తుంది. మిగతా వర్తకులు ఆ పని ఆరుబయట, మార్కెట్టులో చేస్తారు. సేఠ్‌కు చల్లబండి వచ్చాక, పత్తి కాలమంతా పల్లెపల్లెకూ కారులో తిరిగి, అద్దాలన్నీ మూసుకుని, వెనుక సీట్లో కూర్చుని నమూనాలు లాగాడు. చల్లబరిచే యంత్రం ఆ కారుకు డిక్కీలో ఉంటుంది. వెనుక సీటు తలవైపు రెండు జాలీలు. ఒకదానిలోంచి కారులోని గాలి లోపలికి పోతుంది, ఇంకోదానిలోంచి చల్లబడి బయటికి వస్తుంది. మొదటి జాలీ సరిగ్గా సేఠ్ తల వెనుక ఉంది.

ఉస్తాద్ చెవి మీద బీడీ తీసి నా చేతికిచ్చాడు.

"ముట్టిచ్చి జాలీకాడ పట్టు. ఇంజను, ఫ్యాను నడవనియ్యి."

నేను ఎన్నడూ బీడీ తాగలేదు. వెలిగించడానికి లాగి పొరబోయి కళ్లనీళ్లు పెట్టుకున్నాను. ఆయన కారు బయట, రెండడుగుల దూరంలో, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. నిజంగానే ముట్టలేదు. తలుపు మీద కూడా చెయ్యి వేయలేదు.

"పొగ ఎటువోతున్నది?"

"మీదికి."

"జాలీ లోపటికి?"

"పోతలేదు ఉస్తాద్."

"ఇగ విప్పు."

సీటు వీపు తీశాను. లోపలి రేకు మూత ఎనిమిది స్క్రూలు విప్పాను. చల్లని రేకుల వరుస మీద బూడిదరంగు తెట్టు ఒకటి పరుచుకుని ఉంది. తడిసి, అణిగి, మా అవ్వ కుట్టే బొంత అంత మందంగా ఉంది. అంచు పట్టి లాగితే తెగకుండా మొత్తం ఒకే ముక్కగా చేతిలోకి వచ్చింది. దాని వెనుక రేకుల సందుల్లో తెల్లగా మంచు గడ్డకట్టి ఉంది.

ఆయన చెయ్యి చాపి, వెనుకవైపు ఆ తెట్టుకు ఆనించి చూశాడు. కారులోంచి బయటికి వచ్చింది కాబట్టి అది కారు కాదని లెక్క.

"సంవత్సరం పత్తి" అన్నాడు. "నీ ఎక్కువ గ్యాస్ తీసెయ్ ఇగ. ఆస్తే ఆస్తే. కండ్లల్ల పడనియ్యకు."

అంత చెప్పి వెళ్లి మళ్లీ లారీ కింద పడుకున్నాడు.

నాలుగు గంటలకు కారు లోపల డెబ్బై నాలుగు. మాలిక్, సేఠ్ కలిసి వచ్చారు. సేఠ్ వెనుక సీట్లో కూర్చుని అద్దాలు ఎత్తుకున్నాడు. రెండు నిమిషాలకు అద్దం దించి, "అరే, చద్దర్ తెచ్చుకోవాలె గద!" అని నవ్వాడు. మాలిక్ కూడా నవ్వి, చుట్టూ చూసి అడిగాడు.

"ఎవలు పట్టిండ్రు?"

నేను నోరు తెరిచాను. ఏం చెప్పడానికి తెరిచానో నాకే తెలియదు. అంతలో లారీ కింద నుంచి జవాబు వచ్చింది.

"ఇంజనీర్ సాబే పట్టిండు మాలిక్. నేను ముట్టనే లే."

అందులో అబద్ధం ఒక్కటే. రెండో సగం నిజం. నేను ఆ రెండో సగాన్ని పట్టుకుని నిలబడ్డాను. నోరు మూసుకున్నాను. సేఠ్ నా భుజం తట్టాడు. డ్రైవరు మాత్రం నన్ను చూసి, లారీ వైపు చూసి, బండి తీశాడు.

శనివారం ఉస్తాద్ తన సామాను ఒక గోనెసంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. తీసుకెళ్లింది ఎక్కువ లేదు. పోతూ పోతూ షెడ్డు గుమ్మంలో ఆగి, తను పని సగంలో వదిలిన లారీ గురించి చెప్పాడు. ఏ చక్రానికి ఏ బ్రేకు ఎంత బిగించాడో, ఏ నట్టు మర పోయిందో, దాన్ని ఎటు తిప్పకూడదో. నేను రాసుకున్నాను. రాసుకోవడం పూర్తయ్యేదాకా ఆగాడు.

నిర్మల్ పోయే రోడ్డు మీద, నాలుగు రేకులు వేసుకుని సైకిల్ రిపేరు పెట్టాడు. చెవి మీద బీడీ అలాగే ఉండేది. సైకిలుకు ఆ బీడీతో పనేమీ లేదు. పాత లారీ డ్రైవర్లు అప్పుడప్పుడూ బండి ఆపి దిగి, ఆయన పక్కన గొంతుక్కూర్చుని మాట్లాడటం దూరం నుంచి చూసేవాణ్ని. ఒకరోజు నా సైకిలు వెనుక చక్రం మెత్తబడింది. ఆగాను. ఆయన పంపు కొట్టి, టైరు మీద చెయ్యి తిప్పి ఆనించి, "చాలు" అన్నాడు. ఆయన ఛాతీ లోపల సన్నగా ఈల వేస్తున్న చప్పుడు నాకు వినిపించింది. చెప్పాల్సింది ఒకటుంది కదా అనుకుంటూనే ఎక్కి వెళ్లిపోయాను. షెడ్డులో ఆ రోజు రెండు బస్సులు ఉన్నాయి, ఆలస్యమైంది. అప్పుడు నాకు అది మంచి కారణంగా తోచింది.

దమ్ముతోనే పోయాడు. మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడని పోయాక తెలిసింది.

ఖబ్రస్తాన్ నుంచి వచ్చాక ఉస్తాద్ ఇంటికి వెళ్లాను. గడప బయట నిలబడ్డాను. ఆయన భార్య పరదా వెనుక నుంచే మాట్లాడింది. ఎవరని అడిగింది. షెడ్డులో పనిచేస్తానని చెప్పాను.  తర్వాత,

"నువ్వేనా బేటా, చల్లబండి పిలగానివి?" అన్నది.

ఇప్పుడైనా చెప్పాలనుకున్నాను. "అమ్మా, ఆ రోజు బండి బాగుచేసింది నేను గాదు. ఆయననే" అన్నాను.

"గది నాకు ఎర్కనే. ఆ దినమే వచ్చి చెప్పిండు. నేను లొల్లి వెట్టిన. నోరు మూస్కొని పండుకుంటే నీ సొమ్మేం పోతుండెనయ్యా అన్న. ఏమన్నడో ఎర్కనా? ముప్పై ఏండ్లల్ల అందరు నన్ను చెయ్యమన్నోళ్లే, ఎట్లని అడిగినోడు గీ పిలగాడొక్కడే, అడిగితే చెప్పకుంట ఎట్లుండాలె అన్నడు."

పరదా కొంచెం కదిలింది. లోపల ఎవరో గిన్నెలు సర్దుతున్నారు.

"దుకాణం పెట్టినంక గూడ గదే రంది. పొద్దుగాల గా పిలగాడు పోతుండె, మాపటికి వస్తుండె, ఒకనాడు ఆగి మల్ల ఏమన్న అడుగుతడు అనేటోడు. అడిగినవా బేటా?"

 చెప్పులు తొడుక్కుని సైకిలు తీశాను.

నా గదికీ షెడ్డుకూ మధ్య దారి అదొక్కటే. మూడేళ్లు పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి ఆ రేకుల ముందు నుంచే వెళ్లాను. సైకిలు దిగింది రెండుసార్లు, రెండుసార్లూ టైరులో గాలి కోసం. అడిగిన ప్రశ్నలు సున్నా.